పెద్దకూరకు చిన్న సెగ

(మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



"నిదానమే ప్రధానం" అని ఒక సామెత. "ఆలస్యం అమృతం విషం" అని ఇంకొకటి. రెండూ మన పెద్దలు చెప్పినవే. ఇందులో ఏది నిజమమ్మా అని ఎవరైనా అడిగితే, "నువ్వు ఏం వండుతున్నావు?" అని ఎదురు అడగాలి. తోటకూర ఎక్కువసేపు ఉడికిస్తే రంగు చెడుతుంది. చేప ముక్క ఎక్కువసేపు ఉడికితే చితికిపోతుంది. అక్కడ రెండో సామెత చెల్లుతుంది. ముదురు మాంసం దగ్గర మాత్రం మొదటి సామెతే శాసనం.

ఈవేళ మనం చెప్పుకోబోయేది పెద్దకూర గురించి. అంటే బీఫ్. దానిని బోలెడన్ని ఉల్లిపాయలతో కలిపి, స్లో కుక్కర్‌లో గంటల తరబడి ఉంచి, పోగులు పోగులుగా విడిపోయేంత మెత్తగా వండుకునే పద్ధతి. ఈ పేరు వినగానే కొందరు రేడియో కట్టేయబోయి ఉంటారు. ఒక్క క్షణం ఆగండి! మీ ఇంట్లో ఇది వండకపోవచ్చు. ఏ ఇంటి ఆచారం ఆ ఇంటిది. కానీ మన ఊళ్లలో ఎన్నో ఇళ్లలో ఇదే ఆదివారం కూర, ఇదే పండుగ కూర. వంటల ప్రసంగాలలో కోడి వినిపిస్తుంది, మేక వినిపిస్తుంది, రొయ్య వినిపిస్తుంది. ఆ ఇళ్ల ఆడవాళ్లకు కూడా తమ వంట గురించి నాలుగు మంచి మాటలు వినాలని ఉంటుంది కదా! పైగా నేను చెప్పబోయే సూత్రం ముదురు మేకకూ, పొట్టేలుకూ అంతే పనికి వస్తుంది.

మొదట ఒక మాట స్పష్టం చేసుకుందాం. మన రెండు తెలుగు రాష్ట్రాలలో ఆవును వధించడాన్ని 1977 నాటి చట్టం నిషేధించింది. ఇక్కడ బీఫ్ పేరుతో దుకాణంలో దొరికేది ముఖ్యంగా గేదె, దున్న మాంసం. మేక మాంసంతో పోలిస్తే ధర బాగా తక్కువ. మరి అంత చవకైనది అందరూ ఇష్టంగా ఎందుకు తినరు అంటే, వినిపించే ఫిర్యాదు ఒకటే: "గట్టిగా ఉంటుందండీ, నమలలేం."

ఆ గట్టిదనం ఎక్కడిదో తెలిస్తే దానిని వదిలించే దారి కూడా తెలుస్తుంది. మాంసం ముక్కను పరీక్షగా చూడండి. సన్నని దారపు పోగులను కట్టగా కట్టినట్లు ఉంటుంది. ఆ కట్టలను పట్టి ఉంచుతూ తెల్లని పలుచని పొర ఒకటి ఉంటుంది. ఆ పొరలో ఉండేది కొలాజెన్ అనే పదార్థం. పశువు ఎక్కువగా కదిలించే భాగాలలో, బరువు మోసే భాగాలలో, అంటే కాలి పిక్కలో, భుజంలో, మెడలో ఇది ఎక్కువ. వయసు మళ్లిన పశువులో అది మరీ మొండిగా తయారవుతుంది.

ముక్కకు వేడి తగలగానే పోగులు బిగుసుకుని లోపలి నీటిని బయటికి వదిలేస్తాయి. అందుకే అరగంట ఉడికాక చూస్తే ముక్క ముందుకన్నా గట్టిపడ్డట్లు కనిపిస్తుంది. చాలామంది అక్కడే నిరాశపడి, "ఇది ఉడికే మాంసం కాదు" అని తేల్చేస్తారు. కానీ అది సగం దారి మాత్రమే. వేడి 70 డిగ్రీల సెంటీగ్రేడు దాటి గంటల తరబడి నిలిచినప్పుడు, ఆ మొండి కొలాజెన్ మెల్లమెల్లగా కరిగి జెలటిన్ అవుతుంది. పాయా వండిన రాత్రి మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే, తెల్లారేసరికి గడ్డకట్టి వణుకుతూ ఉంటుంది చూశారా? అదే జెలటిన్. కట్టు విడిపోయింది గనుక పోగులు దేనికవి విడివడతాయి. జెలటిన్ వాటిని తడిగా ఉంచుతుంది గనుక నోట్లో ఎండు పీచులా తగలదు.

"అయితే మంట పెంచితే తొందరగా అవుతుందిగా!" అంటారేమో. అవదు. మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మీరు ఎంత పెద్ద మంట పెట్టినా ఆ పులుసు అంతకు మించి వేడెక్కదు. నీళ్లు ఇంకిపోతాయి, గ్యాసు అయిపోతుంది, అడుగు మాడుతుంది, ముక్క మాత్రం తన సమయం తాను తీసుకుంటుంది. ప్రెషర్ కుక్కర్ సంగతి వేరు. అందులో ఆవిరిని బంధిస్తాం గనుక వేడి 120 డిగ్రీల దాకా పోతుంది, పని గంటలోపే అవుతుంది. దానిని నేను తక్కువ చేయడం లేదు. కానీ దాని దగ్గర ఎవరో ఒకరు ఉండాలి, విజిల్ వినాలి, సమయానికి కట్టేయాలి.

స్లో కుక్కర్ దానికి పూర్తిగా భిన్నం. లోపల మందపాటి పింగాణీ పాత్ర. బయట లోహపు తొడుగు. ఆ తొడుగు గోడల్లో కరెంటుతో వేడెక్కే తీగ. పైన గాజు మూత. మీట తిప్పితే తక్కువ వేడి, ఎక్కువ వేడి, వెచ్చగా ఉంచడం అని మూడు స్థానాలు ఉంటాయి. తక్కువైనా ఎక్కువైనా చివరికి చేరేది మరిగే స్థాయికి దగ్గరలోకే. తక్కువ మీద అక్కడికి చేరడానికి ఎక్కువ గంటలు పడుతుంది, అంతే తేడా. 200 వాట్ల పాత్ర 8 గంటలు పూర్తిగా నడిచినా కాలేది 1.6 యూనిట్ల కరెంటు.

ఈ పాత్ర పుట్టుక వెనుక ఒక తల్లి చెప్పిన కబురు ఉంది. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయన ఉండేవాడు. యూదుల కుటుంబం. యూదులు శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం సాయంత్రం దాకా పొయ్యి వెలిగించరు. అది వారి విశ్రాంతి దినం. లిథువేనియాలోని తమ ఊళ్లో శుక్రవారం నాడు గింజలూ మాంసమూ వేసిన కుండను రొట్టెల బట్టీకి మోసుకుపోయి, చల్లారుతున్న ఆ పొయ్యిలో రాత్రంతా ఉంచేవారని ఆయన తల్లి చెప్పింది. ఆ వంటకం పేరు చోలెంట్. ఆ కబురు పట్టుకుని నాక్సన్ కరెంటు కుండను రూపొందించాడు. 1940లో పేటెంటు వచ్చింది. తరువాత రైవల్ అనే కంపెనీ ఆయన సంస్థను కొని, 1971లో దానిని క్రాక్‌పాట్ పేరుతో బజారులోకి తెచ్చింది. ఉదయం ఉద్యోగానికి పోయి సాయంత్రం ఇల్లు చేరే ఆడవాళ్లకు అది నచ్చింది. ఎందుకు నచ్చదు చెప్పండి? ఇంటికి వచ్చేసరికి కూర సిద్ధంగా ఉంటుంది మరి!

మనకు ఈ ఉపాయం కొత్తది అనుకోకండి. నిహారీ అనే మాట పగలు అనే అర్థమున్న అరబ్బీ మాట నుంచి వచ్చింది. రాత్రంతా సన్నని సెగ మీద ఉంచి పొద్దున్నే తినే పిక్క మాంసం కూర అది. రంజాన్ నెలలో హైదరాబాదులో బట్టీల మీద పది పన్నెండు గంటలు ఉడికి, చెక్క గోటాలతో దంచబడే హలీమ్ సంగతి మీకు చెప్పాలా? 2010లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సముద్రాల అవతల క్యూబాలో పోగులుగా విడదీసిన బీఫ్‌ను ఉల్లిపాయలతో, మిరపకాయలతో వండి "రోపా వియేహా" అంటారు. అంటే "పాత బట్టలు" అని! చిరిగిన గుడ్డ పోగుల్లా ఉంటుందని ఆ పేరు. దేశాలు వేరు, దేవుళ్లు వేరు. ఉపాయం మాత్రం ఒక్కటే: గట్టి ముక్క, చిన్న సెగ, చాలినంత వ్యవధి.

ఇక వంటలోకి వద్దాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ఎముక లేని మాంసం 1 కిలో. భుజం దగ్గరిదో, కాలి పిక్కదో అడగండి. పిక్కను హైదరాబాదు దుకాణాలలో బోంగ్ అంటారు. "మెత్తని ముక్క ఇవ్వు నాయనా" అని అడగకండి. కొవ్వూ పొరా లేని మెత్తని ముక్క ఈ వంటలో ఎండిపోయి పొట్టులా అవుతుంది. ఇక్కడ గట్టి ముక్కదే గెలుపు. చిన్న ముక్కలు కొట్టించకండి. మూడు నాలుగు పెద్ద ముక్కలుగానే తెచ్చుకోండి.

ఉల్లిపాయలు అర కిలో. అల్లం వెల్లుల్లి ముద్ద ఒకటిన్నర పెద్ద చెంచాలు. కారం 2 టీ చెంచాలు, ధనియాల పొడి 2 టీ చెంచాలు, మిరియాల పొడి 1 టీ చెంచా, పసుపు అర చెంచా, ఉప్పు ఒకటిన్నర టీ చెంచాలు. లవంగాలు 3, దాల్చిన చెక్క చిన్న ముక్క ఒకటి, ఏలకులు 2. గరం మసాలా దినుసులు మామూలుకన్నా తక్కువే చెప్పానని అనుకోకండి. అన్ని గంటలు నానితే వాటి ఘాటు కూరంతా ఆక్రమిస్తుంది. నూనె 3 పెద్ద చెంచాలు. దించాక పిండడానికి ఒక నిమ్మకాయ, గుప్పెడు కొత్తిమీర.

"ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదు" అంటారు. ఈ కూరలో ఉల్లి రెండు పనులు చేస్తుంది. ఒకటి, నీళ్లు ఇస్తుంది. ఉల్లిపాయలో దాదాపు పదింట తొమ్మిది పాళ్లు నీరే. మూత పెట్టిన స్లో కుక్కర్‌లో ఆవిరి బయటికి పెద్దగా పోదు గనుక ఆ నీరు అక్కడే ఉండిపోతుంది. రెండు, తీపిని ఇస్తుంది. కారానికి ఆ తీపి తోడైతేనే కూర నిండుగా ఉంటుంది.

ఉల్లిపాయలను వేలెడు మందాన కాకపోయినా, కాస్త లావుగానే నిలువు చీలికలు చేయండి. సగం చీలికలను పచ్చివిగానే పాత్ర అడుగున పరవండి. మాంసాన్ని కడిగి, గుడ్డతో తడి పూర్తిగా అద్దండి. మూకుడులో నూనె బాగా కాగనిచ్చి, ఒక్కొక్క ముక్కను నాలుగు వైపులా ముదురు గోధుమ రంగు వచ్చేలా కాల్చండి. ఈ పని ఎగవేయకండి. స్లో కుక్కర్‌లో అంతా తడి. తడి ఉన్నచోట మాంసం ఎర్రబడదు. ఆ ఎర్రదనంలోనే వేపుడు వాసన ఉంది. దాన్ని ముందే సంపాదించుకోవాలి. ముక్కలు తీశాక అదే మూకుడులో మిగిలిన ఉల్లి చీలికలు ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి ముద్ద పచ్చివాసన పోనిచ్చి, పొడులన్నీ వేసి ఒక్క తిప్పు తిప్పి, అర గ్లాసు నీళ్లు పోసి అడుగంతా గీకండి. అడుగున అంటినదంతా రుచే.

మాంసం ముక్కలను పచ్చి ఉల్లి పరుపు మీద పెట్టి, ఈ మసాలా అంతా పైన పోయండి. ఇక నీళ్లు పోయవద్దు. చూడటానికి పొడిగా కనిపిస్తుంది. గంటన్నర గడిచేసరికి అదే పులుసు ఊరుతుంది. మూత పెట్టి తక్కువ మీద 8 నుంచి 9 గంటలు, లేదా ఎక్కువ మీద 5 నుంచి 6 గంటలు ఉంచండి. ముదురు దున్న మాంసమైతే ఇంకో గంట, రెండు గంటలు పట్టవచ్చు. మధ్యలో మూత తీసి చూడాలని చెయ్యి లాగుతుంది. తీయకండి! మూత తీసిన ప్రతిసారీ వేడి పోయి, మళ్లీ పుంజుకోవడానికి ఇరవై నిమిషాలు, అరగంట పడుతుంది.

అయిందో లేదో గడియారాన్ని అడగకండి, ముక్కను అడగండి. ఫోర్కు గుచ్చి మెలితిప్పితే ముక్క ఎదురు తిరగకుండా విడిపోవాలి. ఎదురు తిరిగితే ఇంకా కాలేదని అర్థం. విడిపోతే ముక్కలను పళ్లెంలోకి తీసి పావుగంట ఆరనిచ్చి, రెండు ఫోర్కులతో పోగుల వెంబడి లాగండి. ఫోర్కులు లేకపోతే చేతి వేళ్లు లేవూ? ఈలోగా పాత్రలోని పులుసు పైకి తేలిన కొవ్వును గరిటెతో తీసి, పులుసును వేరే గిన్నెలో పొయ్యి మీద చిక్కబడనిచ్చి, పోగులను అందులో కలపండి. నిమ్మరసం, కొత్తిమీర చివర్లో. జొన్నరొట్టెలోకి బాగుంటుంది, వేడి అన్నంలోకి బాగుంటుంది. మిగిలినది మర్నాడు కరివేపాకు, పచ్చిమిర్చితో మూకుడులో పొడిపొడిగా వేయించుకుంటే అది ఇంకో కూర.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇవి రుచి కోసం కాదు, ఆరోగ్యం కోసం. కనుక శ్రద్ధగా వినండి. గడ్డకట్టిన మాంసాన్ని తిన్నగా ఇందులో వేయకూడదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో సూక్ష్మజీవులు బాగా పెరుగుతాయి. గడ్డకట్టిన ముక్క ఆ మధ్యలోనే చాలాసేపు ఉండిపోతుంది. ఫ్రిజ్‌లో కరగనిచ్చి వాడాలి. పాత్ర సగానికన్నా తక్కువ, మూడింట రెండు వంతులకన్నా ఎక్కువ నింపకూడదు. ఈ కొలతకు మూడు, మూడున్నర లీటర్ల పాత్ర సరిపోతుంది.

మన ఊళ్లలో అసలు చిక్కు కరెంటుతో. మీరు ఇంట్లో ఉండగా మధ్యలో కరెంటు పోతే, వెంటనే కూరను గ్యాసు మీదికి మార్చి పూర్తి చేసేయండి. మీరు లేనప్పుడు పోయిందని, ఎంతసేపు పోయిందో తెలియదని అనుమానం ఉంటే, కూర చూడటానికి ఎంత బాగున్నా పారేయడమే మేలు. మనసు ఒప్పదు, నిజమే. కిలో మాంసం పోతే పోయింది, ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలయితే ఎవరు చూస్తారు? కనుక కరెంటు నమ్మకం లేని రోజున మీరు ఇంట్లో ఉండే వేళకే ఈ వంట పెట్టుకోండి.

విదేశాల్లో ఉన్న కొడుకో కూతురో స్లో కుక్కర్ తెచ్చి ఇస్తే సంతోషమే. కానీ అమెరికాలో కరెంటు 120 వోల్టులు, మనది 230. తిన్నగా ప్లగ్గు పెడితే కాలిపోతుంది. పాత్ర వెనక రాసి ఉన్నది చదివాకే పెట్టండి. వేడి పింగాణీ పాత్రలో చన్నీళ్లు పోయకండి, పగులుతుంది. మిగిలిన కూరను రెండు గంటలలోపు చిన్న గిన్నెలకు సర్ది ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజులలో తినేయాలి. తిరిగి వేడిచేయడం పొయ్యి మీదనే, స్లో కుక్కర్‌లో కాదు.

శాకాహారం వండే అక్కలకు కూడా ఒక హెచ్చరిక. రాజ్మా గింజలను నానబెట్టి తిన్నగా స్లో కుక్కర్‌లో వేయకండి. వాటిలో సహజంగా ఒక విషపదార్థం ఉంటుంది. అది నశించాలంటే నానిన గింజలను ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు తెర్లకాగనివ్వాలి. ఆ తరువాతనే స్లో కుక్కర్.

"మా ఇంట్లో ఆ పాత్రే లేదు" అంటారా? కొననక్కరలేదు. అడుగు మందమైన గిన్నె, బరువైన మూత, అంచుల చుట్టూ గోధుమపిండి ముద్ద, అడుగున పెనం, అన్నిటికన్నా సన్నని మంట. గంటకొకసారి చూసుకుంటూ మూడున్నర, నాలుగు గంటలు. నీళ్లు మాత్రం ఒక గ్లాసు పోయాలి. తొందరగా కావాలంటే ప్రెషర్ కుక్కర్‌లో మొదటి విజిల్ తరువాత సన్నని మంట మీద 50 నిమిషాలు. పెద్ద ముక్కలు, లావు ఉల్లి, చివర పోగులు తీయడం మాత్రం మార్చకండి.

ఇంత శ్రమ ఒక కూర కోసమా అని మీకు అనిపించవచ్చు. మా వీధిలో డెబ్బై దాటిన ఒక పెద్దావిడ ఉంది. ఆదివారం అందరూ కూరతో తింటుంటే ఆవిడ మాత్రం చారు పోయించుకుని, "నాకు ఆకలి లేదమ్మా" అనేది. మాంసం మీద ఇష్టం తగ్గిందని ఇంట్లో అందరూ అనుకున్నారు. కోడలికి మాత్రం అనుమానం వచ్చింది. అత్తగారు పులుసు కలుపుకుంటోంది, ముక్క పక్కకు పెడుతోంది. లేనిది ఆకలి కాదు, పళ్లు! ఆ మాట నలుగురిలో చెప్పుకోవడానికి ఆవిడకు సిగ్గు. ఆ కోడలు ఇలాగే సన్నని సెగ మీద వండి, పోగులను ఇంకా పొట్టిగా కత్తిరించి, ఏమీ చెప్పకుండా అందరితో పాటు వడ్డించింది. ఆవిడ మారు వడ్డించుకుంది. "ఇవాళ ఆకలి వేసిందే" అంది. కోడలు "అవునత్తయ్యా" అంది, అంతే.

పెద్ద వయసులో కండ కరిగిపోకుండా ఉండాలంటే మాంసకృత్తులు కావాలి. పళ్లు లేక, అడగలేక, అన్నం చారుతో సరిపెట్టుకునే పెద్దలు చాలా ఇళ్లలో ఉన్నారు. వారికి ప్రత్యేకంగా గిన్నె పెడితే చిన్నబుచ్చుకుంటారు. అందరి కూరా వారు తినగలిగేలా ఉంటే మాత్రం సంతోషంగా పంక్తిలో కూర్చుంటారు. పళ్లు బొత్తిగా లేనివారి కోసం పోగులు లాగకముందే ముక్కను అడ్డంగా అంగుళం కన్నా చిన్నవిగా కోయండి. అప్పుడు పోగు పొడుగు తగ్గి, చిగుళ్లకు కూడా లొంగుతుంది.

మెత్తదనం ఖరీదైన ముక్కతో కొనుక్కునేది కాదు, ఓపికతో సంపాదించుకునేది. ఆ ఓపిక కూడా మనం పొయ్యి ముందు నిలబడి పట్టనక్కరలేదు. సన్నని సెగే మన బదులు పడుతుంది. ఈ ఆదివారం మీ పంక్తిలో ముక్క పక్కకు పెట్టేవారు ఎవరో ఒక్కసారి గమనించండి. ఆ తరువాత గిన్నె ఎంతసేపు ఉంచాలో మీకే తెలుస్తుంది.